గాలి దిక్కును తెలుపు సంఖ్యలు

మా ద్వారకా నగరున గ్రంథాలయములు రెండు విధములుగ నున్నవి. ఒకటి అందఱు నెఱిగిన పౌర గ్రంథాలయము. ఆర్‌టీసీ కాంప్లెక్సునకు వచ్చి పోవు బస్సుల సందడికి అంత దూరము గాని యీ పేటలోనే వార్తాపత్రికలు చదువు వృద్ధులును, పరీక్షలకు సిద్ధపడు యువకులును అచట ప్రశాంతముగ గూర్చుందురు. రెండవది కంటికి గానరానిది. వీథివీథిని వెలసిన కంప్యూటరు శిక్షణాలయములలో బాలబాలికలు "లైబ్రరీ" యని పలుకునది యిదియే. ఎవరో కష్టపడి వ్రాసి, పరీక్షించి, పేరు పెట్టి యుంచిన లెక్కల విధానముల సముదాయమునకు ప్రోగ్రాముల భాషలో లైబ్రరీ యని పేరు. మొదటి దానిలో పుస్తకము నడిగి పుచ్చుకొందుము. రెండవ దానిలో విధానమును పేరుతో బిలిచి, మన సంఖ్యను దాని చేతికిచ్చి, ఫలితమును పుచ్చుకొందుము.

పైథాన్ అను ప్రోగ్రాముల భాషను హాలెండు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించెను. దాని లైబ్రరీలో గణిత ప్రమేయములకు రెండు అఱలు కలవు. ఒకదాని పేరు 'మ్యాథ్', రెండవదాని పేరు 'సీమ్యాథ్'. మొదటి యఱలోని ప్రమేయములు వాస్తవ సంఖ్యలతోడనే వ్యవహరించును. రెండవ యఱలోనివి సంకీర్ణ సంఖ్యలతో వ్యవహరించును. వర్గమూలము, సంవర్గమానము, సైను, కోసైను మొదలగు పేర్లు రెండింటను నొక్కటియే. నడత మాత్రము వేఱు. ఈ రెండవ యఱ మన పాఠశాల పిల్లలకు ఏల కావలసివచ్చెనో, అది యెట్లు ఉపకరించెనో, దానితో ఎచ్చటెచ్చట జాగ్రత్త వహింపవలసి యుండెనో చెప్పుటయే నా యుద్దేశము.

గత శీతకాలమున మన పదవ తరగతి విద్యార్థులు కొందఱు విజ్ఞాన ప్రదర్శనము కొఱకు పాఠశాల మేడపై గాలిదిక్కును చూపు బాణము నొకదానిని నిలిపిరి. దానికి చిన్న కంప్యూటరు పలకను గూర్చి, గంట కొకసారి బాణపు కోణము నమోదగునట్లు చేసిరి. ఉత్తరమునకు 0, తూర్పునకు 90, దక్షిణమునకు 180, పడమటికి 270 డిగ్రీలు. గాలి యే దిక్కునుండి వీచునో ఆ దిక్కు పేరే గాలికి బెట్టుట వాతావరణ శాస్త్రజ్ఞుల పద్ధతి. ఆ కోణముల సగటును ప్రతిదినము ప్రవేశద్వారము కడనున్న నల్లబల్లపై వ్రాయవలెనని పిల్లల సంకల్పము. మన విద్యార్థులలో చేపలరేవు ప్రాంతమునుండి వచ్చువారు పలువురు గలరు. బల్లపై వ్రాసినది వారి యిండ్లకు జేరి, పడవలవారికి గొంత యుపయోగపడునని వారి యాశ.

ఒకనాటి తెల్లవాఱుజామున నమోదైన కోణములు నాలుగు: 350, 355, 5, 10. నాలుగును ఉత్తరమునకు ఇరుప్రక్కల నున్నవే. వానిని గూడగా 720. నాలుగింట భాగింపగా 180. అనగా దక్షిణపు గాలి! ఒక బాలుడు సుద్దముక్క తీసికొని బల్లపై వ్రాయబోవుచుండ, ఒక బాలిక యడ్డుపడెను. ఆమె తండ్రి మరపడవపై సరంగు.

"మాస్టారూ, దీనిని వ్రాయనీయవద్దు. మా అయ్య తెల్లవాఱుజామున వేటనుండి తిరిగి వచ్చినాడు. దారి పొడుగునను ఉత్తరపు గాలియే యని చెప్పినాడు," అని యామె పలికెను.

"కంప్యూటరు లెక్క తప్పదు," అని యా బాలుడనెను.

"గాలి విషయమున మా అయ్యయు తప్పడు," అని యామె బదులు చెప్పెను.

తరగతి యంతయు నా మొగము వంక జూచెను. ఆ క్షణమున నాకు గణితము కంటె ఎక్కువైనదేదో త్రాసులో నున్నట్లు తోచెను. ఎన్నో యేండ్లుగ సముద్రముపై బ్రదుకుచున్న మనుజుని మాటను యంత్రపు మాటకు లోబఱచి, తండ్రిని సందేహించుట యా బిడ్డ మా తరగతిలోనే నేర్చుకొనెనేని, మా బోధనవలన నామెకు మేలు కంటె కీడే యధికమగును. అట్లని తండ్రి మాటయే చాలునని లెక్కను ద్రోసివేసినను చదువు చదువు గాదు. లెక్క యేల అట్లు పలికెనో కనుగొనుటయే కర్తవ్యము.

కూడిక తప్పలేదు, భాగహారమును తప్పలేదు. తప్పినది వేఱొకటి. సగటు అనునది తిన్నని గీతపై నుండు సంఖ్యలకు తగిన విధానము. దిక్కులు గీతపై నుండవు, వలయముపై నుండును. 359 డిగ్రీలను దాటిన పిమ్మట మరల 0 వచ్చును. గడియారమును జూడుడు. రాత్రి 11 గంటలకును 1 గంటకును నడుమనుండునది 12 గంటలు. 11ను 1ని గూడి సగము చేసినచో 6 వచ్చును. 12కు సరిగా ఎదుటి యంకె అదియే. మన యుత్తరపు గాలి దక్షిణపు గాలియైనదియు నిట్లే.

వలయముపై నున్నవానిని కూడుటకు వలయము నెఱిగిన సంఖ్యలు కావలెను. సంకీర్ణ సంఖ్యలు అట్టివి. ఇంటర్మీడియట్ తరగతికి వచ్చువఱకు పిల్లలు వీని పేరైనను వినరు. వినినవారును ఋణ ఒకటికి వర్గమూలమట, కల్పిత సంఖ్యయట యని భయపడుదురు. నేను వారిని ఆటస్థలమునకు దీసికొనిపోయి వ్యాయామపు వరుసలో ఉత్తరముఖముగ నిలిపితిని. ఉత్తరమును 1 అనుకొనుడంటిని. "కుడివైపు తిరుగు" అను ఆజ్ఞకు 'జె' అని పేరు పెట్టితిని. ఒకమాఱు జె యనగానే అందఱును తూర్పు మొగమైరి. మఱల జె యనగా దక్షిణ మొగమైరి. ఉత్తరము 1 అయినచో దానికి సరిగా వ్యతిరేకమగు దక్షిణము ఋణ 1. జెను జెతో గుణింపగా ఋణ 1 అగుటకు అర్థ మింతియే: కుడివైపునకు రెండుసార్లు తిరిగినవాడు వెనుకకు దిరిగినవాడగును. మూడవ జెకు పడమర, నాల్గవ జెకు మరల ఉత్తరము వచ్చెను. పిల్లలు నవ్విరి. కల్పిత సంఖ్య యనగా పావు చుట్టు తిరుగుటయే యని వారికి బోధపడెను.

పాఠ్యపుస్తకములలో తూర్పును మొదటి దిక్కుగ గొని యెడమవైపునకు దిరుగుట యాచారము. మేము గాలి దిక్కుల పద్ధతికి సరిపడునట్లు ఉత్తరమునుండి కుడివైపునకు దిరిగితిమి. మొదటినుండి తుదివఱకు నొక్క మర్యాదనే పాటించినచో లెక్కలో భేద ముండదు. గణితజ్ఞులు ఈ సంఖ్యను 'ఐ' యందురు. విద్యుచ్ఛాస్త్రమున ఐ యను అక్షరము ప్రవాహమునకు గుఱుతు గనుక ఇంజనీర్లు 'జె' యందురు. పైథాను ఇంజనీర్ల వాడుకనే స్వీకరించినది.

ఈ తెలివి యొక్కనాట వచ్చినది కాదు. క్రీ. శ. 850 ప్రాంతమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యులు గణితసారసంగ్రహమును రచించిరి. ఋణ సంఖ్య దేనికిని వర్గము గాదు గనుక దానికి వర్గమూలము లేదని వారు నిర్ణయించిరి. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనుగు చేసి మన భాషకు గణితమును ప్రసాదించెను. పిమ్మట భాస్కరాచార్యులును ఋణమునకు మూలము లేదనియే చెప్పిరి. 1545లో ఇటలీ దేశీయుడగు కార్డానో 10ని రెండు భాగములుగ విభజించి వాని లబ్ధము 40 కావలెనని కోరి, 5కు ఋణ 15 యొక్క వర్గమూలమును కలుపుటయు తీసివేయుటయు చేసెను. లబ్ధము సరిగా 40 వచ్చెను. అయినను అది సూక్ష్మమే కాని నిష్ప్రయోజనమని యాతడు భావించెను. 1572లో బాంబెల్లి యీ సంఖ్యలను గూడుటకును గుణించుటకును నియమములు వ్రాసెను. వీనికి దిక్కను అర్థమును గనిపెట్టినవాడు మాత్రము భూములు కొలుచు సర్వేయరు. నార్వే దేశమున బుట్టిన కాస్పర్ వెసెల్ 1797లో డెన్మార్కు విద్వత్సభకు తన వ్యాసము నర్పించెను. 1799లో అది యచ్చుపడెను. నిడివియు దిక్కును గల గీతలను ఎట్లు కూడవలె, ఎట్లు గుణింపవలె నని యాతడు విచారించి, ఋణ ఒకటి వర్గమూలము సమకోణపు మలుపేయని చూపెను. దిక్కులతో నిత్యము పనిపడువానికే యీ సంగతి స్ఫురించుట గమనింపదగినది.

లైబ్రరీలోని రెండు అఱలును ఈ చరిత్రనే చెప్పుచున్నవి. 'మ్యాథ్' అఱను ఋణ 1 యొక్క వర్గమూలమడిగినచో, అది తన పరిధిలో లేదని నిరాకరించును. మహావీరాచార్యుల మాటయే యది. 'సీమ్యాథ్' అఱను అడిగినచో 1జె అని యిచ్చును. రెండును అబద్ధము చెప్పుట లేదు. ఏ సంఖ్యల నడుమ నిలిచి యడిగితిమో దానికి దగిన యుత్తరమే వచ్చును. వాస్తవ సంఖ్యలతో పనిచేయువానికి నిరాకరణమే మేలు; ఏలయన, కొలతలలో నెచ్చటనో పొరపాటు జరిగెనని యది హెచ్చరించును. అందుచేతనే రెండఱలును వేఱువేఱుగ నుంచబడినవి.

ఇక మా గాలి లెక్కను జెప్పెదను. మొదట డిగ్రీలను రేడియన్లుగ మార్చవలెను, లైబ్రరీకి తెలిసిన కోణపు కొలత యదియే గనుక. పిమ్మట 'రెక్ట్' అను ప్రమేయమునకు నిడివి 1 అనియు, కోణము ఇంత యనియు నిచ్చితిమి. అది యా దిక్కునకు జూపు సంకీర్ణ సంఖ్యను ఇచ్చెను. నాలుగు సంఖ్యలను గూడి నాలుగింట భాగించితిమి. 350లో పడమటి వైపునకు నొరిగినది 10లో తూర్పు వైపునకు నొరిగినదానితో గొట్టుకొనిపోయెను; 355ను 5ను అట్లే. మిగిలినది ఉత్తరపు దిక్కున 0.99 నిడివి గల సంఖ్య. 'ఫేజ్' అను ప్రమేయమును దాని కోణ మడుగగా దాదాపు సున్న యని వచ్చెను. సున్న యనగా ఉత్తరము. ఆ బాలిక యేమియు మాటాడలేదు. సుద్దముక్క దీసికొని బల్లపై "ఉత్తరపు గాలి" యని పెద్ద యక్షరములతో వ్రాసెను. అంతకుముందు వాదించిన బాలుడే బల్లను తుడిచి యిచ్చెను.

సైను కోసైనులను వేఱువేఱుగ గూడి యీ ఫలితమునే సాధింపవచ్చును. కాని రెండు వరుసల లెక్కను ఒక్క వరుసలో నడుపుట సంకీర్ణ సంఖ్య చేయు నుపకారము. అయినను లైబ్రరీని పిలుచుట తెలిసినంతనే పని ముగియదు. పిల్లలకు తరువాతి వారములలో నాలుగు సంగతులు తెలిసివచ్చినవి.

మొదటిది ధూళి వంటి శేషము. కంప్యూటరు పై యను సంఖ్యను కొన్ని స్థానముల వఱకే యుంచుకొనగలదు. కావున ఋణ 1 మాత్రమే రావలసిన చోట, దానితోపాటు దశాంశ బిందువు తరువాత పదునైదు సున్నలు గల కల్పిత భాగ మొకటి కానవచ్చును. అది గాలిది కాదు, యంత్రపు ధూళి. రెండు సంఖ్యలు సమానమా యని నేరుగా నడుగక, సమీపములా యని 'ఈజ్‌క్లోజ్' ప్రమేయము నడుగవలెను. సున్నతో పోల్చునపుడు ఎంత భేదమును క్షమింపవచ్చునో మనమే తెలుపవలెను.

రెండవది కోణపు సరిహద్దు. 'ఫేజ్' ప్రమేయము 0 నుండి 360 వఱకు నీయదు. డిగ్రీలలో జెప్పవలెనన్న ఋణ 180 నుండి 180 వఱకే యిచ్చును. పడమటి గాలి దానికి ఋణ 90. దానికి 360 కలిపినచో మన 270 వచ్చును. మా పద్ధతిలో యీ సరిహద్దు సరిగా దక్షిణమున బడినది. దక్షిణమునకు గొంచెము తూర్పుగ 179, గొంచెము పడమరగ ఋణ 179. కోణములను మొదట దీసి పిమ్మట సగటు చేసినవానికి మరల సున్నయే, అనగా తలక్రిందులైన ఫలితమే వచ్చును. కావున సంఖ్యలను ముందుగ గూడి, కోణమును చిట్టచివర నడుగవలెను. ఆ సరిహద్దుపైననే నిలిచిన సంఖ్య మాటయో? అచట కల్పిత భాగము ధన సున్నయైనచో 180, ఋణ సున్నయైనచో ఋణ 180. సున్నకు గుఱుతేమిటని నవ్వవద్దు. సరిహద్దు నే ప్రక్కనుండి చేరితిమో ఆ గుఱుతు జ్ఞాపకముంచుకొనును. ఋణ 4 యొక్క వర్గమూలమును 'సీమ్యాథ్' ఒక ప్రక్కనుండి 2జె యనియు, రెండవ ప్రక్కనుండి ఋణ 2జె యనియు నిచ్చుట యిందువలననే. 1987లో విలియం కహన్ అను గణితజ్ఞుడు ఈ సరిహద్దులను గూర్చి విపులముగ వ్రాసెను.

మూడవది పెద్ద చిన్నల మాట. సంకీర్ణ సంఖ్యలలో ఇది పెద్దది, ఇది చిన్నది యని నేరుగ బోల్చుటకు వీలులేదు. అట్లడిగినచో పైథాను నిరాకరించును. తూర్పు పెద్దదా ఉత్తరము పెద్దదా యని యడుగుట వంటిది యది. నిడివులను మాత్రమే పోల్చవచ్చును.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఉత్తరపు గాలియు దక్షిణపు గాలియు సమానముగ వీచిన దినమున కూడిక యేమగును? సున్న యగును. సున్నకు దిక్కు లేదు. కాని 'ఫేజ్' ప్రమేయము సున్నకును కోణము సున్న యనియే చెప్పును. మా బల్లపై దానిని "ఉత్తరపు గాలి" యని చదువుకొందురు! లైబ్రరీ యిచట నిరాకరింపదు. తెలివి మనదే కావలెను.

ఈ నాల్గవ సంగతి చెప్పునపుడు నాకు 2014 అక్టోబరు 12వ తేది జ్ఞప్తికి వచ్చినది. నాడు హుద్‌హుద్ తుఫాను మన పట్టణముపైననే తీరము దాటెను. నేను ద్వారకా నగరులోని యింటనే యుంటిని. ఒక దిక్కునుండి గాలి గంటలకొలది చెట్లను బెకలించి, కిటికీల యద్దములను బగులగొట్టెను. తుఫాను కన్ను వచ్చినపుడు కొంతసేపు గాలి తగ్గెను. పొరుగువారు ఆపద గడచినదని వీథిలోనికి రాజూచిరి. ఒక వృద్ధుడు "రావలదు, ఇప్పుడు రెండవ ప్రక్కనుండి కొట్టును" అని కేకలువేసి లోనికి బంపెను. అట్లే జరిగెను. మొదటి గాలికి చలింపని గోడలు రెండవ గాలికి కూలినవి. విమానాశ్రయపు పైకప్పు దెబ్బతినెను; విద్యుత్తు దినములకొలది లేకుండెను. అట్టి దినపు గాలులను మా విధానమున గూడినచో ఎదురెదురు గాలులు ఒకదానినొకటి త్రుడిచివేసికొని, నిడివి మిక్కిలి తక్కువగు సంఖ్య మిగులును. ఆ యొక్క సంఖ్యనే చూచినవాడు ఆ దినము ప్రశాంతముగ గడచెనని తలంపవచ్చును.

పిల్లలు ఈ మాట విని చాలసేపు ఆలోచించిరి. పిమ్మట వారే యొక నిర్ణయమునకు వచ్చిరి. బల్లపై మూడు వరుసలు వ్రాయవలెను: గాలి దిక్కు, దిక్కు నిలుకడ, విడిగా లెక్కించిన వేగపు సగటు. నిలుకడ యనగా సగటు సంఖ్య యొక్క నిడివి. అది 1కి సమీపముగ నున్నచో గాలి యొక్క దిక్కుననే నిలిచినది. 0కు సమీపముగ నున్నచో దిక్కు వరుసలో గీత గీసి, "దిక్కు నిర్ణయింపరాదు" అని వ్రాయవలెను. ఈ మూడవ వరుస, సరంగు కుమార్తె యొక్క సూచన. తన తండ్రికి దిక్కుతోపాటు బలమును తెలియవలెనని యామె చెప్పెను.

గాలియే కాదు, తిరుగునది యేదైనను ఈ సంఖ్యలకు జుట్టమే. 1893లో స్టైన్‌మెట్జ్ అను ఇంజనీరు మాఱుచుండు విద్యుత్ప్రవాహమును సంకీర్ణ సంఖ్యలతో లెక్కించు మార్గమును అమెరికాలో వివరించెను. మన యుక్కు కర్మాగారమునకును, ఓడరేవునకును, మన యిండ్లకును వచ్చు విద్యుత్తు సెకనునకు 100 సారులు దిశ మారి వచ్చుచుండును. అది మూడు దశలలో, ఒకదానికొకటి 120 డిగ్రీల దూరమున నడచును. 'రెక్ట్' ప్రమేయముతో ఆ మూడు దిక్కులను సృష్టించి కూడి చూడుడు. యంత్రపు ధూళి తప్ప సున్నయే వచ్చును. మూడును సమానముగ నున్నచో తిరుగు తీగలో ప్రవాహ ముండకుండుటకు కారణ మిదియే. ఎచ్చటనో మేడపై బాణము కొఱకు నేర్చిన లెక్క కర్మాగారపు తీగలలోను పనిచేయుచున్నది.

తల్లిదండ్రులకు నాదొక మనవి. మీ పిల్లలు కంప్యూటరు ముందు గూర్చుండి తెచ్చిన ఫలితము మీ యనుభవమునకు విరుద్ధముగ నున్నచో, మాకు చదువు రాదని మౌనము వహింపకుడు. మీరెఱిగినది చెప్పుడు. పడవపై నుండువానికి గాలి తెలియును; పొలముపై నుండువానికి వాన తెలియును; కొలిమి కడ నిలుచువానికి వేడిమి తెలియును. ఆ తెలివితో నెదిరింపబడిన లెక్కయే సరియైన లెక్కగ మాఱును.

విద్యార్థులారా, లైబ్రరీలోని ప్రమేయము ఎవరి శ్రమయో మీ చేతికి వచ్చినది. దానిని గౌరవించుట యనగా కన్నులు మూసికొని నమ్ముట కాదు. అది యే సంఖ్యల నంగీకరించునో, దేనిని నిరాకరించునో, రెండు ఫలితములు గల చోట దేనిని యెన్నుకొనునో, అసలు ఫలితమే లేని చోట ఏమని పలుకునో ముందుగ దెలిసికొనుడు. తెలిసికొని పిలిచినవానికి అది నమ్మదగిన నేస్తము. అంతయు దెలిసిన పిమ్మటను, వచ్చిన ఫలితమును బల్లపై వ్రాయుటకు ముందు ఒక్కసారి బయటికి వచ్చి, గాలి యేవైపునుండి మొగమునకు దగులుచున్నదో చూచుకొనుడు.